పూర్ణిమా విలాస్ పక్క గోడ

“బొమ్మ బ్రహ్మాండంగా ఉంది టీచరమ్మా. ఒక్కటే, పక్క గోడలో ఆ కిటికీ తీసేస్తే సరిపోద్ది.”

వెంకటనారాయణ ఈ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, కాఫీలో పంచదార కాస్త తగ్గించమని చెబుతున్నాడేమో అనిపించింది. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ గురించి వినడమే గానీ, ఎదురుగా కూర్చుని చూడటం నాకు అదే మొదటిసారి.

నాకు ముక్కు మీద కోపమని మా స్కూల్లో ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు. అలాంటిది ఆ రోజు కోపం రావడానికి కొంచెం ఆలస్యమైంది. ముందు నాకు అర్థం కాలేదు. “ఏ కిటికీ అండీ?” అని కూడా అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను.

ఆయన లేచి వచ్చి, ఇంకా కడుతున్న ఆయన లాడ్జిలో సిమెంటు బస్తాలకి ఆనించి పెట్టిన బొమ్మ ముందు వంగి, ఉంగరాల వేలితో చూపించాడు.

“ఇదిగో, ఇది. ఇప్పుడు లేదుగా ఇది. ఎప్పుడో మూసేశాం.”

మూసేశారు, నిజమే. ఎనభై అయిదులో ఆ చుట్టుపక్కల మావాళ్ళని నరికి చంపాక, కేసులకి భయపడి, లోపలి వైపు నుంచి ఇటుకలు పేర్చి సున్నం కొట్టారు. బయట కొయ్య చట్రం అలాగే ఉంది. దాని కింద నాపరాయి పలక అలాగే ఉంది. నేను వేసిందీ అదే, ఉన్నది ఉన్నట్టు. ఆ కిటికీ ఎందుకు పెట్టారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పూర్ణిమా విలాస్ హోటల్ లోపల పాలరాతి బల్లల దగ్గర ఊళ్ళోవాళ్ళు కూర్చుని కాఫీ తాగేవాళ్ళు. ఊరవతల ఉండే మా పల్లెవాళ్ళకి లోపల చోటు లేదు. పక్క సందులోకి వెళ్ళి ఆ కిటికీ దగ్గర నిలబడాలి. లోపల నుంచి ఒక చెయ్యి వచ్చి, మాకని విడిగా పెట్టిన గ్లాసులో ఎత్తి నుంచి టీ పోసేది. ఆ చేతి వెనక మనిషి ఎవరో మాలో చాలామందికి తెలియదు.

ఇంతకీ ఈ బొమ్మ నా నెత్తికి ఎలా చుట్టుకుందో చెప్పాలి.

నా పేరు జాస్మిన్. గుంటూరులో ఒక మిషన్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే స్టాండూ, కాన్వాసూ, నూనె రంగుల పెట్టే పట్టుకుని ఏదో ఒక బస్సెక్కేస్తాను. రోడ్డు పక్కన పాతబడ్డ కట్టడాలే నా బొమ్మలు. సత్తెనపల్లి దారిలో సిమెంటు సింహాలున్న పత్తి మిల్లు గేటు వేశాను. ఒంగోలు వైపు వేడి మీద పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వేశాను. చీమకుర్తి లారీల దుమ్ముకి తెల్లబడిన బస్ షెల్టరు వేశాను. పురుగుమందు డబ్బా పట్టుకుని పళ్ళికిలించే రైతు ఉన్న గోడ కూడా వేశాను. ఇక పాత సినిమా హాళ్ళ మీదా లాడ్జీల మీదా వెలిగే నియాన్ బోర్డులంటే నాకు పిచ్చి. గాజు గొట్టాన్ని మంట మీద వంచి అక్షరాలు చేసి వెలిగిస్తారు చూడండి, అవి. “సీతాకోకచిలకలు వెయ్యొచ్చుగా టీచర్, ఈ పాడుకొంపలు ఎందుకు?” అంటారు స్టాఫ్ రూములో. సీతాకోకచిలకలు వచ్చే ఏడు కూడా వస్తాయి. ఈ బోర్డులు రావు.

అది రెండు వేల మూడు. చెన్నై రోడ్డుని నాలుగు వరసలు చేస్తున్నారు. చిలకలూరిపేట దాటిన దగ్గర నుంచి రోడ్డు పక్కన ప్రతి గోడ మీదా ఎర్ర రంగుతో ఒక గీతా, పక్కనే ఒక నంబరూ. ఆ గీత దాకా పడగొడతారన్నమాట. కొన్ని ఇళ్ళకి గీత వరండా మీద పడింది, కొన్నిటికి నట్టింట్లో పడింది. పూర్ణిమా విలాస్‌కి వెనక గోడ మీద పడింది. అంటే మొత్తం పోతుంది.

అప్పుడు వెంకటనారాయణ మా స్కూలుకి కబురు పెట్టాడు. “మా నాన్నగారు కట్టిన హోటలమ్మా. పోతే పోయింది, బొమ్మన్నా ఉండాల. గుంటూరులో లాడ్జి కడతన్నా, దానికీ ఆ పేరే పెడతన్నా. లోపలికొచ్చినోళ్ళకి ముందు ఆ బొమ్మే కనపడాల” అన్నాడు. ఆయన మాట పూర్తి కాకముందే నేను సరేనన్నాను. ఎందుకంటే ఆ హోటల్ నెత్తిన ఉన్న నియాన్ బోర్డు మా నాన్నది.

మా నాన్న ప్రేమదాసు బోర్డులు రాసేవాడు. మార్టూరు నుంచి చిలకలూరిపేట దాకా ఆయన చెయ్యి పడని కొట్టు లేదు. డెబ్భై ఆరులో పూర్ణిమా విలాస్‌కి నియాన్ బోర్డు పెట్టాలనుకున్నప్పుడు, అక్షరాలు ఎంత ఎత్తు ఉండాలో అంత ఎత్తున గోధుమరంగు కాగితం మీద గీసి ఇచ్చింది ఆయనే. గుంటూరులో మాబు సాహెబ్ అని గాజు వంచే ఆయన ఉండేవాడు. గొట్టాన్ని మంట మీద తిప్పి తిప్పి, మెత్తబడగానే నాన్న గీసిన కాగితం మీద పెట్టి, గీత ఎటు పోతే అటు వంచేవాడు. ‘ర్ణి’ దగ్గర నాలుగు గొట్టాలు పగిలాయి. “నీ అక్షరానికి ఒంపులెక్కువయ్యా దాసూ” అని మాబు సాహెబ్ గోల. నాన్న ఒక్క ఒంపు కూడా తగ్గించలేదు. ఎర్రటి అక్షరాలు, పైన నీలం కలిసిన తెల్ల చందమామ. లారీల వాళ్ళు రెండు మైళ్ళ దూరం నుంచి ఆ చందమామని చూసి బ్రేకు మీద కాలు పెట్టేవాళ్ళు.

వెలిగించిన సాయంత్రం నేనూ వెళ్ళాను. నాకు పదేళ్ళు. వెంకటనారాయణ వాళ్ళ నాన్న అందరినీ లోపలికి పిలిచి లడ్డూ, కాఫీ ఇప్పించాడు. మాబు సాహెబ్‌ని కూడా పిలిచారు. ఆయన గడప దగ్గర ఆగి నాన్న వైపు చూశాడు. “నువ్వు పో భాయ్” అని నాన్న నా చెయ్యి పట్టుకుని పక్క సందులోకి నడిచాడు. కిటికీ దగ్గర నిలబడితే బోర్డు కనపడదు. దాని వెలుతురు మాత్రం సందులో మట్టి మీద ఎర్రగా పడుతుంది. నాన్న టీ తాగుతూ ఆ మట్టినే చూశాడు. “ఎర్ర బాగా వచ్చింది కదమ్మాయ్” అన్నాడు.

ఆ ఎర్ర కోసం ఏడు ఆదివారాలు తంటాలు పడ్డాను. నియాన్ వెలుతురుని నూనె రంగుల్లో తేవడం అంత తేలిక కాదు. ఎర్ర రంగు తీసి ఎర్రగా గీత గీస్తే అది తిలకం గీతలా ఉంటుంది గానీ వెలగదు. గొట్టం నడిమధ్య దాదాపు తెలుపు వెయ్యాలి, అంచున ఎర్ర, ఆ చుట్టూ పల్చటి గులాబీ, దాని చుట్టూ సందెచీకటి. ఆ చీకటి సరిగ్గా పడితే గీత దానంతట అదే వెలుగుతుంది. పొద్దు వాలి బోర్డు వెలిగించాక అరగంట మాత్రమే ఆ రంగు ఉండేది. ఆ అరగంట కోసం మధ్యాహ్నం నుంచి దుమ్ములో, ఎండుమిరపకాయల ఘాటులో తుమ్ముకుంటూ కూర్చునేదాన్ని. చివరికి ఆ ఎర్ర వచ్చింది. అక్షరాలు వెలిగాయి. ఇంత మంచి బొమ్మ నేను అంతకుముందు వెయ్యలేదు, ఆ తర్వాతా వెయ్యలేదు.

దాన్ని చూసి వెంకటనారాయణ మొదట అన్నది కిటికీ గురించి కాదు. “పక్క నుంచి వేశావేందమ్మా? ఎవరైనా మొహం ఎదురుగా కూర్చుని వేస్తారు గదా” అన్నాడు. ఎండ అటు నుంచి బాగా పడుతుందని చెప్పాను. అబద్ధం. చెప్పేటప్పుడు అది అబద్ధమని నాకూ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు సిటీ బస్సులో నిలబడి ఉండగా తట్టింది. హోటల్ ముందు ఇరవై లారీలు పట్టేంత ఖాళీ జాగా ఉంది. హోటల్ ఆసామే పిలిచి వెయ్యమన్నాడు. ఎమ్మే చదివాను, ప్రభుత్వం జీతమిస్తోంది. అయినా ఏడు ఆదివారాలూ నేను బస్సు దిగి తిన్నగా వెళ్ళి స్టూలు వేసుకున్నది పక్క సందు మొదట్లో, మావాళ్ళు నిలబడే వైపు. అటు వెళ్ళమని నాకెవరూ చెప్పలేదు. నా కాళ్ళే తీసుకెళ్ళాయి. ఆ బస్సులో నా మీద నాకు వచ్చిన కోపానికి, చేతిలో ఉన్న గొడుగు కర్ర విరిచేద్దామన్నంత పనైంది.

సరే, కిటికీ దగ్గరకి వద్దాం. “నేను తియ్యనండీ” అని లేచాను.

“ఇప్పుడెవరు పాటిస్తన్నారమ్మా అయ్యన్నీ? అందరం కలిసే తింటన్నాం. ఓపెనింగుకి పేపరోళ్ళొస్తారు, ఎమ్మెల్యే వస్తాడు. ఎవడన్నా ఇదేంది అనడిగితే నేనేం చెప్పేది?”

“ఉన్నది చెప్పండి.”

ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది, ఇద్దరం సమానంగా అరుచుకునేవాళ్ళం. నవ్వాడు. “మీ నాన్నని ఒకసారి అడుగమ్మా. ఆయనకి ఆ రోజు సన్మానం చెయ్యాలనుకుంటన్నా. స్టేజీ మీద శాలువా కప్పి, బోర్డు గీసిన ఆర్టిస్టు ఈయనే అని మైకులో చెప్పిస్తా. మరి బొమ్మ దగ్గరే పేచీ వస్తే...” అని ఆగాడు. మిగతాది నన్నే పూర్తి చేసుకోమన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. అమ్మ పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్నాడు. డెబ్భై దాటాయి, చేతులు వణుకుతాయి, కుంచె పట్టడం మానేసి ఆరేళ్ళయింది.

“నారాయణగారు మనిషిని పంపిచ్చారమ్మాయ్. శాలువా కప్పుతారంట.”

నా కంటే ముందే కబురు వచ్చేసిందన్నమాట. “కిటికీ తీసేస్తేనే కప్పుతారంట. అది చెప్పాడా ఆ మనిషి?”

“చెప్పాడు.”

“మరి?”

“తీసెయ్.”

చేతిలో సంచీ నేలకేసి కొట్టాను. లోపల రంగు సీసా ఏదో పగిలింది. “నాన్నా, నీ అక్షరాలు వాళ్ళ నెత్తిన పెట్టుకుని, నిన్ను సందులో నిలబెట్టిన కిటికీ అది. దాన్ని నా చేత్తో నేను తుడవాలా?”

“నిలబడింది నేను. నువ్వు గాదు. నిలబడ్డోణ్ణి నేనే పోనియ్యమంటుంటే, మధ్యలో నీకేంది నొప్పి?”

“వాళ్ళు సిగ్గుపడాల్సింది నాన్నా. సిగ్గుపడకుండా ఉండటానికి నన్ను రంగు పుయ్యమంటున్నారు.”

“వాళ్ళ సిగ్గుతో నాకేం పని?” నాన్న గొంతు పెద్దదైంది. పక్కవాటా రహిమున్నీసా తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకుంది. “నలభై ఏళ్ళు రాశా బోర్డులు. ఎండలో, నిచ్చెన మీద, పురుగుమందు కంపెనీలోళ్ళు చెప్పినయ్యన్నీ రాశా. ఇది రాసిందెవడ్రా అని ఒక్కడన్నా అడిగాడా? ఇప్పుడు ఫ్లెక్సీలొచ్చినయ్. మిషన్లో పెడితే బట్ట మాదిరి బయటికొస్తంది. ఈ రోడ్డు మీద నా అక్షరం ఒక్కటి మిగల్లా. ఆ నియాను ఒక్కటుంది, అదీ వచ్చే నెల్లో పోద్ది. పోయేలోపు ఒక్కసారి మైకులో నా పేరు వినబడనియ్యవే. ఒక్కసారి.”

కోపానికి కూడా ఒక దిక్కు ఉండాలి కదా. వెంకటనారాయణ మీద అయితే గంటసేపు అరవగలను. నున్నగా గడ్డం గీయించుకుని, నా వైపు చిన్నపిల్లాడిలా చూస్తున్న ఈ మనిషి మీద ఎలా అరవను? చీపురు తెచ్చి పగిలిన సీసా ఊడ్చాను. ఊడుస్తూ ఏడ్చాను. ఏడ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం బొమ్మని స్టాండు మీద పెట్టాను. నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. తెలుపులో కొంచెం గోపీచందనం రంగు, చిటికెడు నలుపు కలిపి గోడ రంగు చేస్తున్నాను.

“అది గాదు” అన్నాడు నాన్న. “ఆ గోడకి సున్నంలో నీలిమందు ఎక్కువ కలిపేవోళ్ళు. కొంచెం నీలం ఎయ్.”

వేశాను.

“ఇంకొంచెం. కింద తడికి పచ్చగా పాకుడు పట్టి ఉండేది, అడుగున పచ్చ కలుపు. ఆ గోడ నాకంటే ఎవడికి తెలుసు? ముప్ఫై ఏళ్ళు మొహానికి ఆనుకుని ఉంది గదా.”

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. రంగు కలిపే కత్తి లెండి, దానికి పదును ఉండదు. ముందు నాపరాయి మీద పూశాను. తర్వాత కొయ్య చట్రం. తర్వాత లోపలి ఇటుకలు. రెండు ఆదివారాలు పట్టిన కిటికీ పది నిమిషాల్లో పోయింది. నాన్న తల పక్కకి వాల్చి చూసి, “అతుకు తెలీట్లా. మంచి పనోడివే” అన్నాడు. పని బాగా కుదిరినప్పుడు నన్ను మగపిల్లాణ్ణి పిలిచినట్టు పిలుస్తాడు. ఇంకో రోజైతే పొంగిపోయేదాన్ని.

జూన్ మొదటి వారంలో లాడ్జి ఓపెనింగు. ఉదయం పదింటికి. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు. లోపల కొత్త రంగు వాసన. రిసెప్షన్ ఎదురుగా గోడ మీద నా బొమ్మకి బంగారు రంగు చట్రం వేసి, పైన చిన్న లైటు పెట్టారు. వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగి, “అబ్బ, చందమామ వెలుగుతున్నట్టే ఉంది” అంటున్నారు. పక్క గోడ తెల్లగా, నున్నగా, నీలిమందు ఛాయతో ఉంది. పాలు తాగే పిల్లి కళ్ళు మూసుకున్నట్టు ఆ గోడ కూడా కళ్ళు మూసుకుని ఉంది.

మైకులో పిలిచారు. “ఆనాటి మన నియాన్ బోర్డుని రూపొందించిన ప్రముఖ చిత్రకారులు, శ్రీ ప్రేమదాసు గారు!”

శ్రీ. గారు. ఆ ఇంటి మనుషుల నోటి నుంచి మా నాన్న విన్నది ఎప్పుడూ ‘ఏరా ప్రేమదాసూ’నే. నాన్న ఇస్త్రీ చొక్కాలో లేచి, ఎవరో చెయ్యి అందిస్తే పట్టుకుని స్టేజీ ఎక్కాడు. ఎమ్మెల్యే శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. నాన్న నా కోసం జనంలో వెతికి, నేను కనపడగానే గడ్డం కొంచెం పైకెత్తాడు. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషం నేను కూడా సంతోషించాను. కిటికీ పోతే పోయిందిలే అనుకున్నాను. గట్టిగా చప్పట్లు కూడా కొట్టాను.

తర్వాత టీలు వచ్చాయి. పింగాణీ కప్పులు, సాసర్లు, తెల్ల బట్టలు వేసుకున్న సర్వర్లు. స్టేజీ దిగి ముందు వరసలో కూర్చున్న నాన్నకి కూడా ఇచ్చారు. పక్కన కూర్చున్న కమిషన్ వ్యాపారి ఏదో అడిగితే జవాబు చెబుతూ, ఊదుకుంటూ, తీరిగ్గా తాగాడు. తాగి లేచాడు.

కప్పూ సాసరూ పట్టుకుని కుర్చీల మధ్య నుంచి నడిచి, మూలన చేతులు కడుక్కునే బేసిన్ దగ్గరకి వెళ్ళాడు. కుళాయి తిప్పాడు. కప్పులో నీళ్ళు పట్టి, రెండు వేళ్ళు లోపల పెట్టి చుట్టూ తిప్పి తొలిచాడు. పారబోశాడు. మళ్ళీ పట్టాడు. సాసరు కూడా కడిగాడు. శాలువా కొస నీళ్ళలో పడి తడిసింది, ఆయన చూసుకోలేదు.

కిటికీ దగ్గర పద్ధతి అది. తాగిన గ్లాసు తాగినవాడే కడిగి, కింద నాపరాయి మీద బోర్లించి వెళ్ళాలి. ఆ గ్లాసుని హోటల్‌వాళ్ళు ముట్టుకోరు.

నాన్న కడిగిన కప్పు పట్టుకుని వెనక్కి తిరిగాడు. అది ఎక్కడ పెట్టాలా అని చూశాడు. రిసెప్షన్ బల్ల మీద పూలకుండీ ఉంది, అక్కడ పెట్టలేదు. కుర్చీ మీద పెట్టలేదు. చూసుకుంటూ చూసుకుంటూ బొమ్మ దగ్గరకి వచ్చాడు. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెంకటనారాయణ కొడుకు చైతన్యకృష్ణ, ఆ కిటికీ మూసేశాక పుట్టిన కుర్రాడు, నవ్వుతూ, “తాతగారూ, మీరు కడిగారేంటండీ, మావాళ్ళు కడుగుతారుగా” అన్నాడు. పాపం వాడికి తెలియదు. వాళ్ళ నాన్నకి తెలుసు. కుర్చీలు తోసుకుంటూ గబగబా వచ్చాడు.

“ప్రేమదాసు గారూ, ఏందండీ ఇది, ఇటియ్యండి” అంటూ చెయ్యి చాపాడు.

నాన్న ఆయన వైపు చూడలేదు. బొమ్మలో పక్క గోడ వైపు చూస్తున్నాడు. అప్పుడు అర్థమైనట్టుంది, తాను ఏం చేశాడో.

నేను లేచాను. లేచానని కూడా నాకు తెలియదు.

“చోటు వెతుక్కుంటున్నాడండీ, కప్పు బోర్లించడానికి” అన్నాను. క్లాసులో వెనక బెంచీకి వినపడేలా మాట్లాడే గొంతు నాది. “మీరు తీసేయించారుగా.”

పెద్దవాళ్ళలో చాలామంది తలలు దించుకున్నారు. వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కుర్రవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎమ్మెల్యే సెల్‌ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, అది మోగలేదు. నాన్న కప్పూ సాసరూ వెంకటనారాయణ చేతిలో పెట్టి, గుమ్మం వైపు నడిచాడు.

బయట ఆటో పిలిచాను. నాన్న ఎక్కి కూర్చున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన కోరుకున్న ఒక్క రోజునీ నేను పాడుచేశానని అంటాడనుకున్నాను. ఆయన శాలువా తీసి, తడిసిన కొస పిండి, నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నేను మర్చిపోయాననుకున్నా అమ్మాయ్. చేతులు మర్చిపోలా.”

ఆటో అతను ఎక్కడికని అడుగుతున్నాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను.

“బొమ్మ మూలన నీ పేరు వేశావా?” అన్నాడు నాన్న.

“వేశాను.”

“పోయి తీసేసి రా.”

బోర్డులు రాసేవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. డబ్బులు ముట్టినా ముట్టకపోయినా, పని నిఖార్సుగా ఉంటేనే మూలన పేరు వేస్తారు. అందులో వంకర ఉందని తెలిశాక కూడా పేరు ఉంచుకుంటే, మిగతా పనివాళ్ళు ఆ మనిషితో కలిసి నిచ్చెన ఎక్కరు.

నేను లోపలికి వెళ్ళాను. మళ్ళీ మాటలు మొదలయ్యాయి. వెంకటనారాయణ ఎదురొచ్చాడు. క్షమాపణ చెప్పడానికి వచ్చాననుకున్నట్టున్నాడు. “పోన్లేమ్మా, జరిగిందేదో జరిగింది. పెద్దాయన, ఏదో పరాకులో...” అంటున్నాడు, అదే మెత్తటి గొంతుతో. ఆయన్ని దాటుకుని వెళ్ళి, పర్సులోంచి ఇంటి తాళంచెవి తీశాను. బొమ్మ కుడి మూలన, సందులో ఎర్రటి వెలుతురు పడిన చోట ఉంది నా పేరు. మూడు నెలలకి రంగు బాగా ఎండింది. గట్టిగా గీకాల్సి వచ్చింది. ‘జా’ పెచ్చుగా ఊడింది. ‘స్మి’ మొండికేసింది. పొడి నా చీర మీద రాలింది.

“ఏం చేస్తన్నావమ్మా? అది నా బొమ్మ!” ఇప్పుడు ఆయన గొంతు పెరిగింది. విన్నారా, అరవడం ఆయనకీ వచ్చు.

“అవునండీ, మీదే” అన్నాను. “నాది కాదు.”

చివరి అక్షరం దాకా గీకి, తాళంచెవి కొంగుకి తుడుచుకుని బయటికి వచ్చాను. ఆటో అతను విసుక్కుంటున్నాడు. నాన్న పక్కకి జరిగి చోటిచ్చాడు.

“పొయ్యిందా?”

“పోయింది.”

“అంతమేర కాన్వాసు బయటపడ్డదా? వచ్చినోళ్ళకి కనపడుద్దా?”

“తెల్లగా కనపడుద్ది నాన్నా.”

“కనపడనియ్” అన్నాడు నాన్న.